బొటనవేలి పక్కన బునియన్: ఆపరేషన్ లేకుండా నొప్పి తగ్గే దారుందా?

నీలాంబరి
అందరికీ నమస్కారం. నా కుడి కాలి బొటనవేలి మొదట్లో, రెండో పాదం వైపున, ఎముక బుడిపెలా పొడుచుకొచ్చింది. చాలా ఏళ్లుగా ఉన్నదే, ఎప్పుడూ పెద్దగా పట్టించుకోలేదు. ఈ మధ్య ఉద్యోగంలో రోజంతా నిలబడాల్సి వస్తోంది. సాయంత్రమయ్యేసరికి ఆ చోటంతా ఎర్రబడి మండిపోతోంది. బూటు విప్పితే గానీ ప్రాణం కుదుటపడదు. బొటనవేలు కూడా రెండో వేలి మీదికి ఒరిగింది. డాక్టరు చూసి "బునియన్, దీనికి ఆపరేషనే" అని రెండు నిమిషాల్లో తేల్చేశారు. ఆపరేషన్ అంటేనే టెన్షన్‌గా ఉంది. దీన్ని కరిగించే మందో, రుద్దుకునే నూనో ఏదైనా ఉందా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

పాదచారి
కరిగించే మందు లేదండీ. ఎందుకు లేదో తెలిస్తే చాలా డబ్బు మిగులుతుంది, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

అక్కడ కొత్తగా ఎముక పెరిగిందని అందరూ అనుకుంటారు. నిజానికి జరిగింది వేరు. బొటనవేలికి వెనక పాదంలో ఒక పొడుగాటి ఎముక ఉంటుంది, దాన్ని మొదటి మెటాటార్సల్ అంటారు. అది మెల్లగా రెండో పాదం వైపు జరుగుతుంది. బొటనవేలేమో దానికి ఎదురుగా, చిటికెనవేలి వైపు ఒరుగుతుంది. ఆ రెండూ కలిసే కీలు దగ్గర కోణం ఏర్పడి, ఎముక తల బయటికి తేలుతుంది. మీ చేతికి గట్టిగా తగిలేది చాలావరకు ఆ తలే, అంటే మీకు పుట్టినప్పటి నుంచీ ఉన్న ఎముకే. స్థానం తప్పింది, అంతే. దాన్ని నూనె ఎలా కరిగిస్తుంది చెప్పండి?

దీనికి డాక్టర్లు రాసే పేరు హాలక్స్ వాల్గస్. నిలబెట్టి తీసిన ఎక్స్‌రేలో బొటనవేలు ఒరిగిన కోణం 15 డిగ్రీలు దాటితే బునియన్ కింద లెక్క. సుమారు 40 దాటితే తీవ్రమైనదంటారు. ఎక్స్‌రే పడుకోబెట్టి తీస్తే కోణం అసలు కన్నా తక్కువగా కనబడుతుంది, ఎందుకంటే ఒంటి బరువు పడినప్పుడే పాదం విప్పారుతుంది. మీకు నిలబెట్టే తీశారా?

నీలాంబరి
ఎక్స్‌రే అసలు తీయలేదండీ. చూసి చెప్పారంతే.

రాత్రిడ్యూటీ
నర్సుగా పనిచేస్తాను, నాకూ రెండు కాళ్లకీ ఉంది. నీలాంబరి గారూ, మీరు చెప్పిన ఎరుపు, మంట చూస్తే బర్సా వాచినట్టుంది. చర్మానికీ ఎముకకీ మధ్య రాపిడి తగ్గించడానికి ఉండే చిన్న సంచి అది. బూటు అంచు రోజంతా ఒరుసుకుంటే వాస్తుంది. ఈ భాగం తగ్గేదే. ఎముక తిరిగి చోటికి రాదు గానీ, వాపు తగ్గితే నొప్పిలో చాలా భాగం పోతుంది. ఈ రెండూ వేర్వేరని ముందు మనసులో పెట్టుకోండి.

డ్యూటీ అయ్యాక ఐసును పల్చటి గుడ్డలో చుట్టి ఓ పావుగంట పెట్టండి. నేరుగా చర్మం మీద వద్దు. పాదాలు కాస్త ఎత్తులో పెట్టి కూర్చోండి. డైక్లోఫెనాక్ జెల్ రాయొచ్చు, అయితే చర్మం చిట్లి ఉంటే రాయకూడదు. నొప్పి మాత్రలు అలవాటుగా వేసుకోకండి. కడుపులో పుండు, కిడ్నీ సమస్య, గుండె జబ్బు ఉన్నవాళ్లూ, రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లూ డాక్టరుని అడగకుండా అస్సలు వద్దు.

సత్యవతి
ముందు బూట్ల సంగతి చూడండమ్మా, మిగతావన్నీ తర్వాత.

తెల్లకాగితం మీద పాదం పెట్టి, పూర్తి బరువు వేసి నిలబడి, చుట్టూ పెన్సిల్‌తో గీత గీయండి. పెన్సిల్ నిలువుగా పట్టుకోవాలి, వాలిస్తే గీత పాదం కిందికి పోతుంది. ఇప్పుడు మీ బూటు ఆ గీత మీద పెట్టి చూడండి. బొటనవేలి మొదలు దగ్గర గీత బూటు అంచు దాటి బయటికి కనిపిస్తే, రోజూ అంత మేర పాదాన్ని లోపలికి కుక్కుతున్నారన్నమాట. మా ఇంట్లో ఆడవాళ్లందరి బూట్లూ ఇలా చూశాం. ఒక్క జత కూడా నెగ్గలేదు.

కొత్తవి సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది. రెండు పాదాలూ కొలిపించి, పెద్దదానికి సరిపోయేది తీసుకోండి. చాలామంది ఇరుకుగా ఉందని ఒక సైజు పెద్దది కొంటారు. అప్పుడు పొడవు పెరిగి పాదం ముందుకు జారుతుంది, బుడిపె దగ్గర ఒరుపు అలాగే ఉంటుంది. మనకు కావాల్సింది వేళ్ల దగ్గర వెడల్పు. మడమ దగ్గర మాత్రం పట్టుగానే ఉండాలి. బుడిపె మీదికి కుట్టు రాకుండా చూసుకోండి. లోపల చెయ్యి పెట్టి తడిమితే తెలుస్తుంది.

పాదచారి
సత్యవతి గారి మాటకు నాది ఒక చేర్పు. లేసుల బూట్లయితే బుడిపెకు సమంగా ఉన్న రంధ్రాల్లోంచి లేసు తీసేసి, పై రంధ్రాల నుంచే కట్టండి. ఆ చోట తోలు వదులవుతుంది. బూటు మార్చే స్తోమత వెంటనే లేనప్పుడు పైసా ఖర్చు లేని పని ఇది. మెత్తటి తోలు బూట్లయితే బుడిపె ఆనే చోట మాత్రమే సాగదీయించవచ్చు. రెగ్జిన్ సాగినట్టే సాగి మళ్లీ మొదటికొస్తుంది.

మేజోళ్లు కూడా చూసుకోండి. బిగుతు మేజోళ్లు వేళ్లను దగ్గరికి లాగుతాయి. దీన్ని ఎవరూ పట్టించుకోరు.

గాలిపటం
ఇంత కష్టం ఎందుకండీ? రాత్రి పడుకునేటప్పుడు కట్టుకునే స్ప్లింట్ దొరుకుతుంది. బొటనవేలిని లాగి పట్టి ఉంచుతుంది. కొన్ని నెలలు వాడితే వేలు నిటారుగా అయిపోతుంది. నేను వాడుతున్నాను, తేడా తెలుస్తోంది. లింకు ఇదిగో.

నిర్వాహకుడు
అమ్మకాల లింకు తీసేశాం. వస్తువు గురించి మాట్లాడుకోండి, ఎక్కడ కొనాలో వద్దు.

ఫిజియోమిత్ర
గాలిపటం గారూ, స్ప్లింట్ కట్టుకున్నంత సేపూ వేలు నిటారుగా ఉంటుంది. పొద్దున విప్పి బరువు వేసి నిలబడితే మళ్లీ పాత దారే. పెద్దవాళ్లలో స్ప్లింట్ వల్ల ఎముక శాశ్వతంగా చక్కబడుతుందనడానికి గట్టి ఆధారం లేదు. కొందరికి రాత్రిపూట హాయిగా ఉంటుంది, అలాంటివాళ్లు వాడుకోవచ్చు. మీరు చెప్పిన తేడా నొప్పిలోనా, కోణంలోనా?

గాలిపటం
నొప్పిలో. కోణం కొలవలేదు. చూడ్డానికి బాగున్నట్టే ఉంది మరి.

ఫిజియోమిత్ర
నొప్పి తగ్గితే అదీ లాభమే, కాదనను. నిటారుగా అయిపోతుందని ఇంకొకరికి చెప్పడంతోనే నా పేచీ.

దీని మీద ఫిన్లాండ్‌లో మంచి అధ్యయనం జరిగింది, 2001లో ప్రచురించారు. 209 మందిని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకి ఆపరేషన్, ఒక గుంపుకి బూటు లోపల అడుగున వేసుకునేలా పాదానికి సరిపడా చేసిన ఇన్‌సోల్స్, మూడో గుంపుకి ఏమీ చేయకుండా వేచి చూడటం. ఆరు నెలల దగ్గర ఇన్‌సోల్స్ వాడినవాళ్లకు ఏమీ చేయనివాళ్ల కన్నా నొప్పి తగ్గింది. ఏడాది తిరిగేసరికి ఆ తేడా నిలవలేదు, ఆపరేషన్ గుంపే మెరుగ్గా ఉంది. కాబట్టి ఇన్‌సోల్ దండగ అనీ అనలేం, అదే సర్వరోగ నివారిణి అనీ అనలేం. ఊరట ఇస్తుంది, ఒరిగిన వేలిని వెనక్కి తేదు.

మాటకారి
మధ్యలో ఒక పిట్టకథ. ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్‌లో పాత సమాధుల్లోని అస్థిపంజరాలను పరిశీలించి 2021లో ఒక పరిశోధన ప్రచురించారు. 11 నుంచి 13వ శతాబ్దం వరకు పూడ్చినవాళ్లలో సుమారు 6 శాతం మందికి బునియన్ గుర్తులున్నాయి. 14, 15వ శతాబ్దాల వాళ్లలో ఏకంగా 27 శాతం మందికి. మధ్యలో ఏమైందయ్యా అంటే, ముందు మొన తేలిన పొడుగు బూట్లు ఫ్యాషన్ అయ్యాయి. డబ్బున్నవాళ్లలోనే ఇది ఎక్కువట. బునియన్ ఉన్న పెద్ద వయసు వాళ్లలో, కిందపడితే విరిగే రకం ఎముక గాయాలు కూడా ఎక్కువగా కనబడ్డాయి.

వామన
అంటే తప్పంతా బూట్లదేనా? నేను జీవితంలో మొన బూటు తొడగలేదు, మగవాణ్ని, హీల్స్ ఊసే లేదు. అయినా మా నాన్నకూ నాకూ అచ్చం ఒకేలా వచ్చింది.

పాదచారి
తప్పంతా బూట్లదే అయితే అవి వేసుకున్న ప్రతివాళ్లకూ రావాలి కదా. పాదం వాటం ఇంట్లోంచి వస్తుంది. మొదటి ఎముక వెనక కీలు వదులుగా ఉండటం, పాదం వంపు పడిపోయి చదునుగా ఉండటం, ఒళ్లంతా కీళ్లు బాగా వంగే స్వభావం, ఇవన్నీ కారణాలే. రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే కీళ్లవాపు జబ్బు ఉన్నవాళ్లకూ వస్తుంది. అలాంటి పాదాన్ని ఇరుకు బూటులో పెడితే త్వరగా ముదురుతుంది. వాటం మార్చుకోలేం గానీ బూటు మార్చుకోగలం, అందుకే గొడవంతా దాని చుట్టూ తిరుగుతుంది.

వామన
ఇంకొకటి. పోయిన వారం అర్ధరాత్రి ఆ కీలు దగ్గరే విపరీతమైన నొప్పితో మెలకువ వచ్చింది. ఎర్రగా కాలిపోతోంది, దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోయాను. ఇదీ బునియనేనా?

రాత్రిడ్యూటీ
వామన గారూ, ఇది ఇక్కడ అడిగి ఊరుకోకండి, డాక్టరుకి చూపించండి. బునియన్ నొప్పి నడకతో, బూటుతో పెరిగి, విప్పితే తగ్గుతుంది. మీరు చెప్పిన తీరు గౌట్‌లా ఉంది. యూరిక్ యాసిడ్ స్ఫటికాలు కీలులో చేరితే వచ్చే నొప్పి అది, బొటనవేలి కీలు దానికి ఇష్టమైన చోటు. బునియన్ ఉన్న కాలికి గౌట్ రాకూడదని రూలేమీ లేదు. రక్తపరీక్ష చేయిస్తారు, అయితే నొప్పి ఉధృతంగా ఉన్నప్పుడు యూరిక్ యాసిడ్ మామూలుగానే కనిపించొచ్చు, దాన్ని చూసి కాదనుకోకండి. జ్వరం, చలి తోడైతే కీలులో ఇన్‌ఫెక్షన్ కావచ్చు, అప్పుడు ఆ రోజే వెళ్లాలి.

అనుపమ
మా అమ్మకు అరవై దాటాయి, షుగర్ ఉంది. బునియన్ మీద చర్మం గట్టిపడి ఆనెకాయలా అయింది. మందుల షాపులో ఆనెకాయ పట్టీలు ఇచ్చారు. వేయమంటారా?

రాత్రిడ్యూటీ
వద్దు అనుపమ గారూ. ఆ పట్టీల్లో చర్మాన్ని కొరికే యాసిడ్ ఉంటుంది. షుగర్ వల్ల అమ్మగారికి స్పర్శ తగ్గి ఉంటే, కింద పుండు పడుతున్నా తెలియదు. బ్లేడుతో చెక్కడం కూడా వద్దు. రోజూ సాయంత్రం మీరే పాదాలు తిప్పి చూడండి, వేళ్ల సందులతో సహా. బుడిపె మీద చర్మం రంగు మారినా, తడిగా అనిపించినా, చిన్న గీటు కనిపించినా ఆలస్యం చేయొద్దు. ఇంట్లో కూడా ఒట్టికాళ్లతో తిరగనివ్వకండి. ఆమె విషయంలో నొప్పి లేదు కదా అని ధీమాగా ఉండకూడదు. ఆనెకాయ తీయించాలంటే పాదాల వైద్యం తెలిసినవాళ్ల చేతే.

అనుపమ
పట్టీలు పక్కన పెట్టేశాను. రేపే చూపిస్తాం.

నీలాంబరి
అందరికీ పేరుపేరునా థాంక్స్. సత్యవతి గారు చెప్పినట్టు గీత గీసి చూశాను. బూటు బయటికి దాదాపు చిటికెనవేలి మందాన తేలింది! వెడల్పువి తీసుకున్నాను, మంట నిజంగానే తగ్గుముఖం పట్టింది. ఇప్పుడు రెండు అనుమానాలు. వేళ్ల మధ్య పెట్టుకునే సిలికాన్ ముక్కలు, బుడిపె మీద అంటించే ప్యాడ్లు పనిచేస్తాయా? వ్యాయామాలు ఏమైనా ఉన్నాయా?

ఫిజియోమిత్ర
ప్యాడ్లు పనిచేస్తాయి, బూటులో చోటుంటేనే. ఇరుకు బూటులో ప్యాడ్ పెడితే ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. మధ్యలో ఖాళీ ఉన్న గుండ్రటి ప్యాడ్ అయితే ఆ ఖాళీలో బుడిపె కూర్చోవాలి, ప్యాడ్ దాని చుట్టూ రావాలి. వేళ్ల మధ్య పెట్టే ముక్క పల్చగా ఉండాలి. మందంగా ఉంటే బొటనవేలు జరగదు, రెండో వేలే పక్కకు పోతుంది. పెట్టుకున్నాక వేలు తిమ్మిరెక్కినా, రంగు మారినా తీసేయండి.

వ్యాయామాలతో కోణం తగ్గుతుందని నేనెవరికీ చెప్పను. కానీ కీలు బిగుసుకుపోకుండా, పాదం కండరాలు బలహీనపడకుండా ఉంటాయి, అది నడకలో తెలుస్తుంది. ఒకటి కుర్చీలో కూర్చుని చేయాలి. పాదం నేల మీద ఆన్చి, వేళ్లు ముడవకుండా, బొటనవేలి మొదలును మడమ వైపు లాక్కున్నట్టు చేస్తే పాదం వంపు పైకి లేస్తుంది. కొన్ని క్షణాలు పట్టి వదలాలి. మొదట్లో చాలామందికి వేళ్లే ముడుచుకుంటాయి, పట్టు దొరకడానికి టైమ్ పడుతుంది. రెండోది, బొటనవేలిని చేత్తో పట్టుకుని మెల్లగా ముందుకు లాగి, నిటారుగా ఉంచి, పైకీ కిందికీ ఆడించడం. గుచ్చినట్టు నొప్పి వస్తే అక్కడితో ఆపండి. మూడోది పిక్కలు సాగదీయడం. పిక్క బిగుతుగా ఉంటే నడిచేటప్పుడు మడమ ముందే లేచి, బరువంతా పాదం ముందు భాగం మీద పడుతుంది. గోడకు చేతులు ఆన్చి, వెనక కాలి మడమ నేలకు అదిమి ఉంచండి.

కొత్తచిగురు
మా అమ్మాయికి పన్నెండేళ్లు. అప్పుడే రెండు కాళ్లకీ బుడిపె కనిపిస్తోంది. నొప్పి లేదంటోంది, కానీ స్నేహితులు ఏదో అన్నారట, చెప్పులు విప్పడానికి సిగ్గుపడుతోంది. చిన్నప్పుడే ఆపరేషన్ చేయిస్తే సులువుగా అతుక్కుంటుంది కదా?

పాదచారి
తొందరపడకండి. పిల్లల్లో ఎముక ఇంకా పెరుగుతూ ఉంటుంది. పెరుగుదల ఆగకముందు చేస్తే మళ్లీ ఒరిగే అవకాశం ఎక్కువ, అందుకే మామూలుగా అప్పటిదాకా ఆగమంటారు. నొప్పి లేదు కాబట్టి మరీ ఆగొచ్చు. ఎముకల డాక్టరుకి ఒకసారి చూపించి, నిలబెట్టి తీసిన ఎక్స్‌రే దగ్గర పెట్టుకోండి, ముందు ముందు పోల్చుకోవడానికి ఉంటుంది. పెరిగే వయసు కనుక బూట్లు ఇరుకవుతున్నాయేమో తరచూ చూస్తుండండి.

సత్యవతి
అమ్మాయి ఎదుట దాని గురించి అస్తమానం మాట్లాడకండమ్మా. బయట వినే మాటలు చాలు, ఇంట్లో కూడా ఎందుకు?

శ్రీలేఖ
ఆపరేషన్ చేయించుకున్నదాన్ని, నా మాట కూడా వినండి. నాకు రెండో వేలు బొటనవేలి మీదికి ఎక్కేసింది. ఏ బూటూ పట్టేది కాదు. వేళ్ల మొదళ్ల కింద, అరికాల్లో రాయి మీద నడుస్తున్నట్టు ఉండేది. బొటనవేలు మోయాల్సిన బరువు పక్కవేళ్ల మీద పడటం వల్ల అలా ఉంటుందని చెప్పారు. బూట్లు, ప్యాడ్లు, ఇన్‌సోల్స్ అన్నీ అయ్యాకే ఒప్పుకున్నాను.

బుడిపెను చెక్కేస్తారని చాలామంది అనుకుంటారు. నాకు మొదటి ఎముకను కోసి, జరిపి, స్క్రూలతో బిగించారు. ఇందులో చాలా రకాలున్నాయి. కోణం తక్కువైతే ఆ ఎముకను వేలి వైపు చివర్లో కోస్తారు. ఎక్కువైతే, లేదా వెనక కీలు వదులుగా ఉంటే, ఆ వెనక కీలునే అతికించేస్తారు. బొటనవేలి కీలు బాగా అరిగిపోయినవాళ్లకు ఆ కీలును అతికిస్తారు. మీ డాక్టరు ఏది చేస్తారో, ఎందుకు అదే ఎంచుకున్నారో అడగండి. చెప్పడానికి విసుక్కుంటే ఇంకొకరి దగ్గరికి వెళ్లండి.

కోలుకోవడం గురించి ఎవరూ సరిగ్గా చెప్పరు. ఎముక అతుక్కోవడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు. మొదటి వారాల్లో గట్టి అడుగు ఉన్న ప్రత్యేక బూటుతోనే నడక, కొన్ని రకాల ఆపరేషన్లలో అసలు బరువే వేయనివ్వరు. మొదటి రోజుల్లో కాలు కిందికి వేలాడేస్తే చాలు, కొట్టుకున్నట్టు సలుపుతుంది. స్నానానికి కాలికి ప్లాస్టిక్ సంచి కట్టుకుని, స్టూలు మీద కూర్చుని, ఆ కాలు బయటికి చాపి... ఇంట్లో తోడు ఎవరూ లేకపోతే ముందే ఏర్పాటు చేసుకోండి. వాపు పూర్తిగా దిగడానికి ఆరు నెలలు, కొందరికి ఏడాది. కుడి కాలయితే బ్రేకు గట్టిగా తొక్కగలిగే దాకా కారు నడపకూడదు.

ఇప్పుడు నొప్పి లేదు. కానీ బొటనవేలు మునుపటంత పైకి వంగదు, హీల్స్ వేసుకోలేను. ఆ బేరం నాకు నచ్చింది. అందరికీ నచ్చదు.

మాటకారి
నాకు తెలిసినావిడ ఫొటోల్లో పాదాలు బాగుండాలని చేయించుకుంది. ముందు లేని నొప్పి కొత్తగా వచ్చింది.

పాదచారి
చూపు కోసం చేయించుకునేవాళ్లను సర్జన్లే వద్దంటారు. కొంతమందికి వేలు బిగుసుకుపోవచ్చు, నరం తిమ్మిరెక్కవచ్చు, కొన్నేళ్లకు మళ్లీ ఒరగవచ్చు కూడా. రోజువారీ పనికి, నడకకు అడ్డొచ్చే నొప్పి ఉండి, బూట్లు మార్చినా తగ్గకపోతే అప్పుడు ఆలోచించాల్సిన సంగతి. పొగ తాగేవాళ్లకు ఎముక అతుక్కోవడం ఆలస్యమవుతుంది, ముందే మానేయాలి.

నీలాంబరి గారూ, మీ నొప్పి బూటు మారిస్తే తగ్గింది కాబట్టి ప్రస్తుతానికి ఆ భయం పక్కన పెట్టొచ్చు.

నీలాంబరి
పెట్టేశాను! అయితే పని దగ్గర యూనిఫాం బూట్లే వేసుకోవాలంటారు, అవి మొనగా ఉంటాయి. అదొక్కటీ మిగిలింది.

రాత్రిడ్యూటీ
పాదం సమస్య వల్ల వెడల్పు బూట్లు అవసరమని డాక్టరు దగ్గర ఒక ఉత్తరం రాయించుకోండి. అదే రంగులో, వేళ్ల దగ్గర గుండ్రంగా, హీలు తక్కువగా ఉన్నవి చూపించి అడిగితే చాలాచోట్ల ఒప్పుకుంటారు. మా వార్డులో అలాగే జరిగింది. దారిలో వేరే బూట్లు వేసుకుని, పనిలోకి దిగేముందు యూనిఫాంవి తొడుక్కోవడం కూడా కొంత నయం.

వెంకటలక్ష్మి
ఆలస్యంగా చూశాను. నాకు బుడిపె పక్కన కాదు, బొటనవేలి కీలు పైభాగాన ఉంది. వేలు ఒరగలేదు, కానీ పైకి వంగదు, మెట్లెక్కేటప్పుడు ప్రాణం పోతుంది. వెడల్పు బూట్లు వేసినా తేడా లేదు.

ఫిజియోమిత్ర
అయితే అది బునియన్ కాకపోవచ్చు వెంకటలక్ష్మి గారూ. కీలు అరిగి బిగుసుకుపోయే హాలక్స్ రిజిడస్ అని వేరే ఉంది, అందులో బుడిపె పైనే వస్తుంది. దానికి వెడల్పు కన్నా అడుగు ముఖ్యం. వంగని గట్టి అడుగు ఉండి, ముందు భాగం కాస్త పైకి ఒంపు తిరిగిన బూట్లు ప్రయత్నించండి, వేలు వంగాల్సిన అవసరం తగ్గుతుంది. మెత్తగా మడత పడే బూట్లు హాయిగా అనిపిస్తాయి గానీ మీకు అవే శత్రువులు. నేను పైన రాసిన వేలు లాగే వ్యాయామం మీరు చేయకండి, ముందు ఎక్స్‌రే తీయించి కీలులో ఎంత ఖాళీ మిగిలిందో చూపించుకోండి. రిపోర్టులో ఏం రాశారో ఇక్కడ పెడితే మిగతాది మాట్లాడదాం.